రాయి వదిలిన గుంట

వెంకటసాయి తల మీద మూడు దెబ్బలు పడ్డాయి. మొదటిది ఎడమ చెవి వెనక. అది మనిషిని పడగొట్టిన దెబ్బ. మిగతా రెండూ నేల మీద వెల్లకిలా పడి ఉన్న మనిషిని చంపడానికే కొట్టినవి. నుదుటి మీద పక్కపక్కనే దిగి ఎముకను లోపలికి నొక్కేశాయి.

డిటెక్టివ్ వనజ ఆ ఫోటోలు చూడడం ముగించి చూపు నేల మీదికి దించింది. యూనివర్సిటీ జియాలజీ శాంపిల్ గదిలోంచి శవాన్ని నిన్ననే తీసేశారు. రక్తం మాత్రం టేబులు కాళ్ల చుట్టూ నల్లగా గడ్డకట్టి అలాగే ఉంది. కొట్టిన సుత్తి కూడా వెంకటసాయిదే. రాళ్లు కొట్టుకోవడానికి ముచ్చటపడి కొనుక్కున్న సుత్తి.

"చూసుడు అయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ కరుణాకర్, గుమ్మానికి ఆనుకుని.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. అతను పోలీసుల్లో ఉండిపోయాడు. ఆమె ఉద్యోగం వదిలేసి నల్లకుంటలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. అప్పటినుంచి ఇద్దరికీ ఎదురుపడితే పడదు. ఇప్పుడు వనజను పిలిపించింది వెంకటసాయి భార్య.

"ఇంకా లేదు," అంది వనజ.

"ఏమున్నది గీడ చూడనీకి? మనిషి దొరికిండు. అంగీ నిండ నెత్తురు. చూసిన సాక్షి ఉన్నది. కేసు అయిపోయింది వనజా."

కరుణాకర్ లెక్క ప్రకారం కేసు నిజంగానే సులువుగా ఉంది. చనిపోయిన వెంకటసాయి బ్యాంకు ఆఫీసరు, తార్నాకలో ఇల్లు. ఆదివారాలొస్తే అతనికి రాళ్ల పిచ్చి. ఈ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ పరుశురాం, రిటైరైన సైన్సు టీచరు అమ్మాజీ, అతనూ కలిసి ఒక క్లబ్బు పెట్టారు. ఖమ్మం వైపు వాగుల్లో ఇసుక జల్లించి ఎర్రటి గార్నెట్ రాళ్లు ఏరుకొస్తారు. నేల యజమాని ఒప్పుకోకుండా ఒక్క రాయి కూడా తియ్యకూడదు, పైన దొరికిందే తప్ప తవ్వకూడదు, అడవి శాఖ భూమిలో అడుగే పెట్టకూడదు. ఇవీ క్లబ్బు నియమాలు. వాటిని వెంకటసాయి పాటించినట్టు ఇంకెవరూ పాటించేవారు కారు. వాళ్లు ఎక్కువగా వెళ్లే వాగు బుచ్చిరాములు అనే రైతు పొలంలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆ బుచ్చిరాములు క్యాంపస్‌కి వచ్చి, గేటు దగ్గర వెంకటసాయితో పెద్ద గొంతుతో గొడవపడ్డాడు. గంట తిరక్కుండా వెంకటసాయి శవమయ్యాడు. అమ్మాజీ గదిలోకి వచ్చేసరికి బుచ్చిరాములు రక్తంలో కూర్చుని ఉన్నాడు.

"అమ్మాజీ గారు చూసింది కొడుతుంటెనా, కొట్టినంకనా?" అని అడిగింది వనజ.

"కొట్టినంకనే. తల ఒళ్లో పెట్టుకొని కూసున్నడు."

"చంపినోడు తల ఒళ్లో పెట్టుకుంటడా కరుణాకర్?"

"భయపడ్డోడు ఏమైనా చేస్తడు." అతను జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి ఆమె ముఖం ముందు ఊపాడు. "చచ్చినోని గుప్పిట్ల గీ రాయి ఉన్నది. బుచ్చిరాములు వాగుల రాయి. నా రాళ్లు నాకియ్యి అని ముసలోడు మీద పడ్డడు, ఈయన ఇయ్యలే. ఇగ మాట్లాడనీకి ఏమున్నది?"

వనజ కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. రాయి పెద్ద రేగుపండంత ఉంది. నల్లగా కనిపిస్తూనే లోపల ఎర్రగా మండుతోంది. ఒంటి నిండా చదునైన ముఖాలు, ఒక్కో ముఖం గాలిపటం ఆకారంలో, ఎవరో చెక్కినట్టు. అంచులు కత్తుల్లా ఉన్నాయి. ఒక పక్క సన్నటి వెండి పొడి అంటుకుని మెరుస్తోంది. వెంకటసాయి అరచేతి ఫోటోలో గీతలు గీతలుగా తెగిన గాట్లు ఆమెకు గుర్తొచ్చాయి. ప్రాణం పోయేంతవరకూ రాయిని అంత గట్టిగా పట్టుకున్నాడంటే అది ముచ్చటపడి పట్టుకున్నది కాదు.

టేబులు మీద ట్రేలో బుచ్చిరాములు వాగులో ఏరిన గార్నెట్లు ఉన్నాయి. ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "వేలితో రుద్ది చూడు."

"నున్నగున్నది."

"చింతగింజ లెక్క ఉన్నది. ఏండ్ల కొద్దీ నీళ్లల్ల దొర్లింది కాబట్టి అంచులన్నీ అరిగిపోయినయి. నీ కవరుల రాయికి ఒక్క అంచు సుత అరగలే. అది వాగును చూడనేలేదు. ఎవరో బండను పగలగొట్టి ఊడదీసిండ్రు. అది కూడ ఈమధ్యనే."

కరుణాకర్ ఒక్క క్షణం రాళ్ల వైపు చూశాడు. తరవాత కవరు లాక్కుని జేబులో వేసుకున్నాడు. "రాయి రాయే."

"ఒక్క గంట నాకియ్యి."

"కోర్టుల కేసు అయినంక అడుగు, మెడల కట్టుకొని తిరుగుదువు."

వనజ మోకాళ్ల మీద కూర్చుని సెల్‌ఫోన్ లైటు నేలకు ఆనించి అడ్డంగా వేసింది. గచ్చు మీద సన్నటి మెరుపు చుక్కలు లేచాయి. కాకిబంగారం, అంటే అభ్రకం పొడి. కవరులోని రాయికి అంటుకున్న పొడి ఇదే. టేబులు దగ్గర మొదలై, రక్తం మరకను తప్పుకుంటూ, లోపలి గది తలుపు కిందికి పోయింది. ఆ తలుపుకు తాళం వేసి ఉంది. పైన 'రాళ్లు కోసే గది' అని రాసుంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ప్రొఫెసర్ పరుశురాం దగ్గర. వనజా, ఇది రాళ్ల డిపార్ట్‌మెంట్. నేల మీద రాళ్ల పొడి కాకపోతే చారుపొడి ఉంటదా?" కరుణాకర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

*

తార్నాకలోని ఆస్పత్రిలో బుచ్చిరాములును మంచానికి బేడీ వేసి పడుకోబెట్టారు. అమ్మాజీ వేసిన కేక విని పరిగెత్తుకొచ్చిన జనం అతన్ని వరండాలో వేసి తొక్కారు. ఒక కన్ను మూసుకుపోయింది. పై పెదవి చీలిపోతే కుట్లు వేశారు. ముందు పళ్లు రెండు లేవు. పక్కన స్టూలు మీద కూర్చున్న కానిస్టేబులు వనజను చూసి మొహం తిప్పుకున్నాడు గానీ అడ్డం చెప్పలేదు.

"సాయి సారు భార్య అలేఖ్య పంపితే వచ్చిన పెద్దయ్యా. నువ్వు చంపలేదని ఆమె గట్టిగా నమ్ముతున్నది."

ముసలాయన మంచి కంటిలోంచి నీళ్లు చెవిలోకి కారాయి. "ఆ తల్లి చేతి బువ్వ తిన్న బిడ్డా నేను. సారు నన్ను అడగకుంట గులకరాయి సుత ముట్టకపోయేది. నా పాణం పోయినా గసొంటి మనిషిని కొడ్తనా?"

"మరి గేటు కాడ లొల్లి ఎందుకైంది?"

"నా చేను ఎనక గుట్ట ఉన్నది. అడవిశాఖోళ్లది. ఎవడో గా గుట్టకు తోటాలు పెట్టి పేల్చిండు. నా ఇల్లంత ఊగింది. పోయి చూస్తే బాయంత గుంట తవ్వి, మళ్ల సగం పూడ్చిండ్రు. అడవిశాఖోళ్లు నా మీదికొచ్చిండ్రు. రాళ్లోళ్లను రానిచ్చింది నువ్వే గద, తోటాలు పెట్టిచ్చింది నువ్వే అన్నరు. నాకు కడుపు మండింది. సారుని అడుగుదామని బస్సెక్కిన."

"సారు ఏమన్నడు?"

"మొఖంల నెత్తురు సుక్క లేకుంట పోయింది. 'మా క్లబ్బోళ్లల్ల తోటా పట్టేటోడు ఒక్కడే ఉన్నడు. నువ్వు చాయ్ తాగుతుండు, నేను అడిగొస్త' అని లోపటికి పోయిండు. ఎంతసేపటికీ రాకపాయె. పోయి చూస్తే గట్ల పడున్నడు. ఊపిరి ఉన్నదేమోనని తల లేపి ఒళ్లో పెట్టుకున్న. గప్పుడే గా టీచరమ్మ ఎనక తలుపుకెళ్లి వచ్చి మొత్తుకున్నది."

ఎవరి పేరూ చెప్పకుండానే ముసలాయన పేరు చెప్పేశాడు. గుట్టలో తోటా పేల్చడం తెలిసిన మనిషి ఆ క్లబ్బులో ప్రొఫెసర్ ఒక్కడే. బయటికొచ్చి వనజ రెండు పనులు చేసింది. రాళ్లు కోసే గది తెరిచి చూపించమని పరుశురాంకి ఫోన్ చేసింది. 'సాయి గారు గుట్ట గురించి మీతో ఏమైనా అన్నారా?' అని అలేఖ్యకు మెసేజ్ పెట్టింది.

*

పరుశురాం నలభై దాటిన మనిషి. ఎత్తరి, భుజాలు తలుపంత వెడల్పు. తాళం తీసి మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు.

"సాయి నాకు తమ్ముడి లెక్క మేడం. ఆ ముసలోణ్ణి ఉరి తియ్యాలె."

"తీస్తారు లెండి." వనజ గదంతా కలియచూసింది. మధ్యలో రాళ్లు కోసే మిషను. వజ్రపు పొడి అద్దిన గుండ్రటి బ్లేడు, దాన్ని తిప్పే బెల్టు, కింద నీళ్ల తొట్టి. తొట్టి అడుగున బూడిద రంగు బురద పేరుకుంది. వేలు ముంచి తీసింది. వేలంతా కాకిబంగారం తళుక్కుమంది. "ఆదివారం ఏం కోశారు సార్?"

"ఆదివారం మిషను నడవలేదు."

"బ్లేడు మీద బురద ఇంకా ఆరలేదు మరి."

"శనివారం స్టూడెంట్లు ఏదో కోసిండ్రు."

"స్టూడెంట్లకు తాళంచెవి ఇస్తారా?"

అతని మొహం మీది మర్యాద కొద్దికొద్దిగా కరిగిపోతోంది. వనజ వంగి బెంచీ కింద చూసింది. పాత రాళ్ల డబ్బాల వెనక తడి గోనెసంచి ఒకటి ఉంది. పట్టి లాగితే బరువుగా జారి వచ్చింది. లోపల పొరలు పొరలుగా మెరిసే బండముక్క. ఒక పక్క మిషనుతో సగం దాకా కోసి ఆపేశారు. ఇంకో పక్క గొట్టాన్ని నిలువునా చీల్చినట్టు అర్ధచంద్రపు గాడి. తోటా దించడానికి వేసిన రంధ్రం అది. బండ నడుమ ఒక గుంట ఉంది. చదునైన గోడలు, గాలిపటం ఆకారపు ముఖాలు. రాయి ఊడిపోయినా దాని రూపు బండలో అచ్చుపడి ఉంది.

వెంకటసాయి బయటి గదిలో, టేబులు మీద ఈ బండను చూశాడు. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి రాయిని ఊడదీసి, 'ఇదేంటి?' అని పరుశురాం ముఖం ముందు పెట్టాడు. వనజ కళ్లకు ఆ దృశ్యం కట్టింది.

వెనక తలుపు గడియ పడిన చప్పుడైంది.

ఆమె పూర్తిగా తిరిగేలోపే పరుశురాం పిడికిలి దవడకు తగిలింది. వనజ మిషను మీదికి విసురుగా పడింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అతను ఇనప ఉలి అందుకుని పైనుంచి పొడిచాడు. ఆమె పక్కకు దొర్లింది. ఉలి రేకుకు తగిలి నిప్పులు రాలాయి. రెండోసారి పొడవలేదు. ఆమె చున్నీ కొస పట్టి బెల్టులోకి తోసి, స్విచ్చి నొక్కాడు.

మిషను గర్జించింది. బెల్టు చున్నీని మింగడం మొదలుపెట్టింది. ఒక్క ఊపుతో వనజ మెడ బిగుసుకుంది, ముఖం బ్లేడు వైపు జరిగింది. కంటికి జానెడు దూరంలో బ్లేడు తిరుగుతోంది, బురదనీళ్లు మొహాన చిమ్ముతున్నాయి. అతని మోకాలు ఆమె వీపు మీద దిగింది. ఊపిరి ఆగిపోయింది. ఆమె ఎడమ చేత్తో చున్నీ మడతను గడ్డం కిందినుంచి పైకి తోసింది. చెవి తెగినంత మంటతో చున్నీ తల మీదుగా ఊడిపోయింది. కుడి చేత్తో తొట్టిలోంచి దోసెడు బురద తీసి వెనక్కి విసిరింది.

పరుశురాం కళ్లు మూసుకుని అరిచాడు. వనజ ఊపిరి పీల్చుకోలేదు. బెంచీకి బిగించిన వైసు ఇనప పిడి ఊడబీకి, ఉలి పట్టిన చేతి మీద శక్తికొద్దీ కొట్టింది. మణికట్టు ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. అయినా అతను మీదికొచ్చాడు. రెండో దెబ్బ మోకాలి మీద వేసింది. మనిషి బండ పక్కనే కూలబడ్డాడు.

అప్పుడే బయటినుంచి తలుపు మీద బూటు కాలు పడింది. రెండు తన్నులకు గడియ ఊడింది. కరుణాకర్ పిస్తోలుతో, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లతో లోపలికొచ్చి, గదిని, వనజ చెవినుంచి కారుతున్న రక్తాన్ని, నేల మీద మూలుగుతున్న ప్రొఫెసర్‌ని చూశాడు. మిషను ఆపేశాడు.

"ఎందుకొచ్చినవ్?" అంది వనజ రొప్పుతూ.

"నువ్వన్న మాట చెవుల జోరీగ లెక్క తిరిగింది. పన్నెండు సార్లు రుద్దిన ఆ రాయిని. ఒక్క అంచు సుత అరగలే." అతను కవరు తెరిచి రాయి బయటికి తీశాడు. వనజ బండను తిప్పి గుంట చూపించింది. కరుణాకర్ ముందు ఒకవైపు పెట్టి చూశాడు, కూర్చోలేదు. కొంచెం తిప్పాడు. రాయి టక్కున దిగి, గోరు దూరే సందు కూడా లేకుండా కూర్చుంది.

"బుచ్చిరాములు బేడీ తీపిస్త," అన్నాడు కరుణాకర్ తల ఎత్తకుండా. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమో వనజకు తెలుసు.

తరవాత కరుణాకర్ పరుశురాం కాలరు పట్టి గోడకు చేరేశాడు. "చెప్పు. ఒక్క రాయి కోసం మనిషిని మూడు దెబ్బలు కొట్టి చంపినవా?"

"ఒక్కటే కొట్టిన." పరుశురాం విరిగిన చేతిని పొట్టకు హత్తుకుని ఏడుస్తున్నాడు. "అమ్మ తోడు, ఒక్కటే. చెవి ఎనక. అడవిశాఖోళ్లకు నా పేరు చెప్పి గుంట తవ్విపిస్త అన్నడు. తవ్వితే సత్తయ్య బయటపడ్తడు."

"సత్తయ్య ఎవరు?"

"నేను, ఆమె కలిసి తవ్వనీకి పెట్టుకున్న కూలి మనిషి. నిమ్మకాయంత గార్నెట్లు ఉన్నయి ఆ గుట్టల. దేశంల ఎవరి దగ్గరా లేనివి. తోటా పేలినంక రాళ్లు తియ్యనీకి దిగిండు, పైబండ విరిగి మీద పడ్డది. కాళ్లు నలిగిపోయినయి. మొత్తుకుంటున్నడు. నేను ఆస్పత్రికి అన్న. ఆమె వద్దన్నది. మట్టి తొయ్యమన్నది."

వనజ అతని వైపు వంగింది. "బతికుండంగనే?"

పరుశురాం తల దించుకున్నాడు. "సాయి కూడ బతికే ఉన్నడు మేడం. మూలుగుతున్నడు. భయమేసి ఆమెకే ఫోన్ చేసిన. క్యాంపస్‌లనే ఉన్నది, ఎనక తలుపుకెళ్లి వచ్చింది. 'నువ్వు ఆ బండను దాచి బయటికి పో, మిగతాది నేను చూసుకుంటాను' అన్నది. నేను పోయిన. పోతుంటే సుత్తి చప్పుడు రెండుసార్లు వినబడ్డది."

"ఆమె అంటే ఎవరు?" కరుణాకర్ గద్దించాడు.

వనజకు ఆ పేరు వినక్కరలేకపోయింది. 'టీచరమ్మ ఎనక తలుపుకెళ్లి వచ్చి' అని ముసలాయన మంచం మీదినుంచి చెప్పిన మాట అప్పటికే చెవిలో మోగుతోంది.

"అమ్మాజీ మేడం."

నిన్నటి నుంచి అలేఖ్య పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుని ఓదారుస్తున్నది అమ్మాజీయే. పొద్దున వనజ ఆ ఇంటికి వెళ్లినప్పుడు తలుపు తీసింది కూడా ఆవిడే. వనజ సెల్‌ఫోన్ తీసింది. అద్దం చిట్లిపోయి ఉంది. దాని వెనక, కొట్లాట జరుగుతుండగా వచ్చిన అలేఖ్య మెసేజ్ కనిపించింది.

'అవునండీ, గుట్ట దగ్గర తవ్విన గుంట ఫోటోలు గేటు దగ్గర బుచ్చిరాములు గారు పంపితే ఆయన వెంటనే నాకూ పంపారు. గుంటలో చెప్పు ఒకటి పడుంది. అమ్మాజీ గారికి చూపిస్తున్నాను, ఆవిడైతే చోటు గుర్తుపడతారు.'

వనజ పరిగెడుతూనే ఫోన్ చేసింది. వెనకే కరుణాకర్, ప్రొఫెసర్‌ని కానిస్టేబుళ్లకు వదిలేసి, జీపు తియ్యమని కేకలు పెడుతూ వస్తున్నాడు. చాలాసేపు మోగాక అవతల ఎవరో ఎత్తారు.

"అలేఖ్య గారూ, నేను వనజని. ఇంట్లోంచి వెంటనే బయటికి రండి."

"నేనమ్మా, అమ్మాజీని." గొంతు క్లాసులో పాఠం చెప్పినంత నింపాదిగా ఉంది. కొంచెం ఆయాసం మాత్రం తెలుస్తోంది. "అలేఖ్య బాత్‌రూంలోకి వెళ్లి గడియ పెట్టేసుకుంది. ఎంత పిలిచినా తలుపు తియ్యడం లేదు."

వెనకనుంచి సన్నగా, మూసిన తలుపు అవతలినుంచి, ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది.

"అమ్మాజీ గారూ, ఆమెను ముట్టుకోకండి. పోలీసులు వస్తున్నారు."

"పరుశురాం దగ్గరికి వెళ్లావు కదూ?" అంది అమ్మాజీ. "నా పేరు చెప్పాడా?"

వనజ ఫోను చెవికి అదిమి పట్టుకుని జీపెక్కింది.

"చెప్పాడన్నమాట."

ఫోన్‌ను ఎక్కడో పక్కన పెట్టిన చప్పుడైంది. కట్ చెయ్యలేదు. జీపు క్యాంపస్ గేటు దాటి తార్నాక వైపు సైరన్‌తో మలుపు తిరుగుతుండగా, వనజ చెవిలో సుత్తి మొదటి దెబ్బ పడింది. తలుపు చెక్క నిలువునా చీలింది.